శ్రుతి మించని రాగం

'శ్రుతి' అన్న మాటకు సంస్కృతంలో వినడమని ఒక అర్థం, చెవి అని మరొక అర్థం. గురువు నోట విని శిష్యుడు నేర్చినది కనుక వేదానికీ అదే పేరు వచ్చింది. సంగీతంలో స్వరాలన్నింటికీ ఆధారంగా నిలిచే నాదాన్ని కూడా శ్రుతి అనే పిలుస్తారు. వినే ఇంద్రియాన్నీ, వినే పనినీ, వినదగిన దానినీ ఒక్క మాటలో ఇమిడ్చిన పూర్వుల చూపు మెచ్చదగినది. ఆ మాట తెలుగులోకి వచ్చి ఒక నుడికారాన్ని కూడా సంపాదించుకొంది. హద్దు దాటిన వ్యవహారాన్ని 'శ్రుతి మించి రాగాన పడింది' అనడం తెలుగువారి వాడుక. శబ్దాన్ని పెంచే సాధనాలు ఇంటింటా, వీధివీధినా, బండిబండిలోనా వెలసిన ఈ కాలంలో ఆ నుడికారం దగ్గర కొంతసేపు ఆగి ఆలోచించడం అవసరం.

మన తార్కికులు శబ్దాన్ని ఆకాశానికి గుణంగా భావించారు. ఆధునిక భౌతికశాస్త్రం దానిని యానకంలో సాగే కంపనంగా నిరూపించింది. నోటి నుంచి వెలువడిన మాట దూరం పోయేకొద్దీ పలుచబడుతుంది. దానిని బలపరచాలన్న కోరిక మానవునికి కొత్తది కాదు. వీణకు కుండనూ, తంబురాకు బుర్రనూ అమర్చినవారి ఉద్దేశం అదే. సన్నని తీగ ఒంటరిగా కదిలించగల గాలి స్వల్పం. ఆ కదలికను విశాలమైన చెక్కకు అప్పగించినప్పుడు అది గదినంతా నింపుతుంది. మైకు రాని రోజుల్లో పద్యనాటక నటులు చివరి వరుసలో చాపమీద కూర్చున్న రైతుకు సైతం పద్యంలోని ప్రతి అక్షరమూ అందేటట్లు గొంతును సాధన చేశారు. అయితే కుండ గాని, బుర్ర గాని, సాధన చేసిన గొంతు గాని బయటి శక్తిని తెచ్చి శబ్దానికి చేర్చవు. ఉన్న శక్తిని వృథా కానీయకుండా వినియోగిస్తాయి, అంతే.

బయటి శక్తిని తెచ్చి శబ్దానికి తోడు చేసే సాధనం ఇరవయ్యో శతాబ్దపు వరం. 1906లో లీ డి ఫారెస్ట్ రూపొందించిన మూడు ఎలక్ట్రోడుల శూన్యనాళిక, 1947లో బెల్ ప్రయోగశాలలో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెయిన్ మొదటిసారి పనిచేయించి చూపిన ట్రాన్సిస్టరు ఈ మార్గంలో రెండు పెద్ద మజిలీలు. వీటి ఆధారంగా పనిచేసే పరికరమే యాంప్లిఫయరు. దాని పని తీరు తెలియాలంటే కృష్ణా కాలువల మీది లాకులను తలచుకొంటే చాలు. కాలువలోని నీటి బలం లాకు తలుపు తిప్పే మనిషిది కాదు. అది ఎగువన నిలిచిన నీటిది. మనిషి తన కొద్దిపాటి బలంతో తలుపును ఎంత ఎత్తితే అంత నీరు దిగువకు పోతుంది. అలాగే యాంప్లిఫయరులో చిన్న సంకేతం తలుపు తిప్పే మనిషి వంటిది. బ్యాటరీలోని విద్యుత్తు ఎగువ నీరు వంటిది. పాట రూపాన్ని సంకేతం నిర్ణయిస్తుంది, బలాన్ని బ్యాటరీ ఇస్తుంది.

కారుకూ శబ్దానికీ పొత్తు కుదిరి దాదాపు నూరేళ్లు కావస్తున్నది. 1930లో అమెరికాలోని షికాగో నగరంలో పాల్ గాల్విన్, జోసెఫ్ గాల్విన్ అనే సోదరులు కారులో అమర్చదగిన రేడియోను తయారు చేసి దానికి 'మోటరోలా' అని పేరు పెట్టారు. 'మోటారు' అన్న మాటకు ఆనాటి గ్రామఫోను పేర్లలో తరచు వినవచ్చే 'ఓలా' అన్న తోక కలిసి ఆ పేరు ఏర్పడింది. 1932లో జర్మనీకి చెందిన బ్లౌపుంక్ట్ సంస్థ ఐరోపాలో కారు రేడియోను ప్రవేశపెట్టింది. 1956లో క్రిస్లర్ సంస్థ నడుస్తున్న కారులో గ్రామఫోను రికార్డు తిప్పే యంత్రాన్ని అమర్చి ఒక సాహసం చేసింది. గతుకుల దారిలో ముల్లు రికార్డు మీద నిలవడం కష్టమన్నది వేరే చెప్పనక్కరలేదు. 1963లో ఫిలిప్స్ సంస్థ తెచ్చిన క్యాసెట్టు ఆ చిక్కును తీర్చింది. ఘంటసాల పాడిన 'పుష్పవిలాపం', డి.వి. సుబ్బారావు పాడిన 'సత్య హరిశ్చంద్ర' పద్యాలు తెలుగునాట లారీలలోనూ, అద్దె కార్లలోనూ రాత్రి ప్రయాణాలకు తోడుగా నిలిచింది ఈ క్యాసెట్టు చలవ వల్లనే. తరువాత సీడీ వచ్చింది. దాని వెనుక చేతిలోని ఫోనే పాటల పెట్టె అయింది.

ఇంత మార్పు వచ్చినా కారుతో పాటు కంపెనీ అమర్చి ఇచ్చే స్టీరియోకు ఒక పరిమితి మాత్రం అలాగే ఉంది. ఇంజను నడుస్తున్నప్పుడు కారు విద్యుత్తు పీడనం సుమారు 14 వోల్టులు. స్టీరియోలోని చిన్న చిప్పు ఆ 14 వోల్టులతోనే స్పీకర్లను ఆడించాలి. శిఖరం వద్ద 14 వోల్టులున్న తరంగానికి సార్థక విలువ దాదాపు 10 వోల్టులు. సాధారణంగా కారు స్పీకరు నిరోధం 4 ఓములు. వోల్టుల వర్గాన్ని ఓములతో భాగిస్తే 25 వాట్లు వస్తుంది. అందులో చిప్పు తనకై తాను తినే భాగం పోగా స్పీకరుకు దక్కేది 20 వాట్ల దగ్గర నిలుస్తుంది. పెట్టె మీద '50 వాట్లు' అని అచ్చువేసి ఉన్నా ఓమ్ సూత్రం ఆ అచ్చుకు లొంగదు. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చదివిన ఏ విద్యార్థి అయినా కాగితం మీద ఈ లెక్క వేసి చూసుకోవచ్చు. విడిగా కొని అమర్చే యాంప్లిఫయరు ఈ హద్దును దాటగలదు. దాని లోపల ముందుగా 12 వోల్టులను అంతకంటె ఎక్కువ వోల్టులుగా మార్చే విభాగం ఉంటుంది. లాకుకు ఎగువన నీటిమట్టం పెంచడం వంటిదే ఈ ఏర్పాటు.

ఈ పరికరం చుట్టూ విజయవాడలోని ఒక కుటుంబంలో జరిగిన సంగతి ఆలోచింపదగినది.

ఆ ఇంటి యజమాని అద్దె కారు డ్రైవరు. వయస్సు 58 సంవత్సరాలు. గన్నవరం విమానాశ్రయం నుంచి, రైల్వే స్టేషను నుంచి ప్రయాణికులను ఎక్కించుకొని హైదరాబాదుకో, తిరుపతికో, శ్రీశైలానికో తీసుకుపోవడం ముప్పై ఏళ్లుగా ఆయన వృత్తి. పద్యనాటకమంటే ప్రాణం. హరిశ్చంద్ర కాటిసీను పద్యాలు మొదలైతే స్టీరింగు మీద ఆయన వేళ్లు తాళం వేసేవి. రెండేళ్లుగా ఆయన కారులో పాట మోత పెరుగుతూ వచ్చింది. ఒకప్పుడు స్టీరియో తెర మీద 12 అంకె చూపిన చోట ఇప్పుడు 30 చూపసాగింది. ఆ మోతలో పద్యం బొంగురుపోయి, రాగం చివర గరగర వినబడేది. "మాటలు తెలియడం లేదురా, ఈ స్టీరియో పాడైపోయింది" అని ఆయన కొడుకుతో పలుమార్లు అన్నాడు.

కొడుకు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ సాయంత్రాలు ఒక ఫోన్ల దుకాణంలో పనిచేసేవాడు. తండ్రికి ఇష్టమైన పద్యాన్ని తండ్రికి మళ్లీ వినిపించాలన్న కోరికతో నెలల తరబడి కూడబెట్టిన డబ్బు తీసుకొని ఆటోనగర్‌లోని ఒక వైరింగు మేస్త్రి దగ్గరకు వెళ్లాడు. నాలుగు స్పీకర్లకు ఒక్కొక్కదానికి 50 వాట్ల చొప్పున ఇచ్చే యాంప్లిఫయరు తన దృష్టిలో ఉందని చెప్పాడు. మేస్త్రి వెంటనే ధర చెప్పలేదు.

"వాట్ల మాట తర్వాత, అబ్బాయ్. ముందు ఎందుకు కావాలో చెప్పు" అన్నాడు.

"మా నాన్నకు పద్యం మాటలు తెలియడం లేదండీ, మేస్త్రీ గారూ. సౌండు పెంచితే గరగరమంటోంది."

"అయితే నీకు కావలసింది మోత కాదు. శుభ్రత" అన్నాడు మేస్త్రి.

ఆ మాటలో శాస్త్రం ఉంది. విద్యుత్ సామర్థ్యాన్ని రెట్టింపు చేసినంత మాత్రాన శబ్దం రెట్టింపు బిగ్గరగా వినబడదు. అది 3 డెసిబెల్‌లు మాత్రమే పెరుగుతుంది. చెవికి అది కొద్దిపాటి తేడాగానే తోస్తుంది. రెట్టింపు బిగ్గరగా అనిపించాలంటే సుమారు పదింతల సామర్థ్యం కావాలి. కాబట్టి 20 వాట్ల చోట 50 వాట్లు పెట్టడం వల్ల కలిగే ప్రధాన ప్రయోజనం మోత కాదు. గాయకుడు రాగం తీసి పైస్థాయిని అందుకొన్న క్షణంలో సంకేతం ఒక్కసారిగా ఎగసిపడుతుంది. బలం చాలని చిప్పు ఆ తరంగ శిఖరాన్ని అందుకోలేక పైభాగాన్ని నరికివేస్తుంది. గరగర అనే ధ్వని ఆ నరికివేత ఫలమే. బలం దండిగా ఉన్న యాంప్లిఫయరు శిఖరాన్ని శిఖరంగానే నిలుపుతుంది. అవసరమైనప్పుడు వాడడానికి ఉంచుకొన్న శక్తి, ఎల్లప్పుడూ వాడే శక్తి కంటె విలువైనదని ఈ పరికరం నేర్పుతుంది.

మేస్త్రి పని మొదలుపెట్టిన తీరు ఆ యువకునికి ఒక పాఠమయింది. నాలుగు యాభైలు రెండు వందల వాట్లు. యాంప్లిఫయరు తనలో కొంత శక్తిని వేడిగా పోగొట్టుకుంటుంది కనుక బ్యాటరీ నుంచి సుమారు 250 వాట్లు తీసుకుంటుంది. దానిని 13.5 వోల్టులతో భాగిస్తే 18 ఆంపియర్లకు పైగా విద్యుత్తు ప్రవహిస్తుందని తేలుతుంది. స్టీరియో వెనుక ఉన్న సన్నని తీగ అంత భారం మోయలేదు. అందుచేత సుమారు 8 చదరపు మిల్లీమీటర్ల మధ్యచ్ఛేదం గల రాగి తీగను బ్యాటరీ నుంచి నేరుగా లాగాలి. యువకుడు దుకాణంలో సగం ధరకు దొరికిన తీగచుట్టను చూపాడు. మేస్త్రి కొనను చాకుతో గీకాడు. పైన రాగి పూత, లోపల తెల్లగా అల్యూమినియం కనిపించాయి.

"ఇది చిన్న భారానికి పనికొస్తుంది, దీనికి చాలదు. కరెంటుకు మొహమాటం ఉండదు బాబూ. మోయలేని తీగ ఇస్తే కాల్చిపారేస్తుంది. కారులో మీ నాన్న ఒక్కడే కూర్చోడు, నమ్మి ఎక్కినవాళ్లు కూడా కూర్చుంటారు" అన్నాడు.

ఫ్యూజును ఆయన బ్యాటరీకి జానెడు దూరంలో బిగించాడు. యాంప్లిఫయరు డిక్కీలో ఉండగా ఫ్యూజు ఇంత దూరాన ఎందుకని యువకుడు సందేహపడ్డాడు. ఫ్యూజు కాపాడేది ముఖ్యంగా తీగను. దారిలో ఎక్కడైనా తీగ పై తొడుగు ఒరిసిపోయి ఇనుప రేకును తాకితే బ్యాటరీలోని విద్యుత్తంతా అక్కడ కుమ్మరించుకొని మంట పుట్టిస్తుంది. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఉన్న భాగానికి ఏ రక్షణా లేదు గనుక ఆ భాగం ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు. ఇంజను గదికీ కారు లోపలికీ మధ్య ఉన్న రేకు గోడలో తీగ దూరే చోట రబ్బరు తొడుగు వేయడమూ ఇందుకోసమే. తరువాత డిక్కీలో ఒక చోట రంగును గరుకు కాగితంతో గీకి, మెరిసే ఇనుము కనిపించాక, అక్కడ ఎర్తు తీగను బోల్టుతో బిగించాడు. రంగు మీదనే బిగిస్తే విద్యుత్తు తిరిగి వెళ్లే దారి సరిగా కుదరదు. అప్పుడు ఇంజను వేగం పెరిగేకొద్దీ పాట వెనుక ఈల వంటి కూత కూడా పెరుగుతుంది. స్టీరియోను మార్చకుండా దాని స్పీకరు తీగల నుంచే యాంప్లిఫయరుకు సంకేతాన్ని అందించాడు. తలుపు లోపలి రేకులో ఉన్న రంధ్రాలను మందపాటి జిగురు పలకలతో మూశాడు. స్పీకరు వెనుక నుంచి వచ్చే తరంగం ముందుకు వచ్చి అసలు తరంగాన్ని తినివేయకుండా ఈ ఏర్పాటు ఆపుతుంది. దీనికయ్యే ఖర్చు తక్కువ, ఫలం ఎక్కువ.

చివరి పని 'గెయిన్' అనే చిన్న మరను సరిచేయడం. చాలామంది దానిని మోత పెంచే మర అనుకొంటారు. నిజానికి స్టీరియో పంపే సంకేతానికీ, యాంప్లిఫయరు శక్తికీ జోడు కుదిర్చే మర అది. 50 వాట్లను 4 ఓములతో గుణిస్తే 200. దాని వర్గమూలం 14.1. స్పీకర్లను విడదీసి, ఒకే స్థాయిలో సాగే పరీక్షాధ్వనిని నడిపి, మల్టీమీటరు 14 వోల్టులు చూపిన చోట మేస్త్రి మరను ఆపాడు. యువకుడు ఇంకొంచెం తిప్పమన్నాడు. తిప్పితే మోత పెరుగుతుంది గాని, శిఖరాలు నరికిన తరంగం స్పీకరు తీగచుట్టలను వేడెక్కించి చివరకు వాటిని కాల్చివేస్తుందని మేస్త్రి వివరించాడు. వీణ మెట్ల మీద మైనాన్ని సర్దే శిల్పికి ఉండే ఓర్పు ఆ చేతిలో కనిపించింది.

ఆ సాయంత్రం తండ్రి కారులో కూర్చున్నాడు. పద్యం మొదలైంది. గరగర లేదు. హార్మోనియం విడిగా, గొంతు విడిగా, రాగం చివర గాయకుడు తీసుకొన్న ఊపిరి విడిగా వినవచ్చాయి. కొడుకు వెనుక సీటులో కూర్చొని స్టీరియోను 12 దగ్గర ఉంచమన్నాడు. అంత తక్కువలోనే మాట మాటా స్పష్టంగా ఉంది. తండ్రి తల ఊపాడు. "బాగుందిరా" అన్నాడు. కాని ఆయన వేళ్లు స్టీరింగు మీద తాళం వేయలేదు.

కొడుకు వెనుక నుంచి, "నాన్నా, ఇప్పుడు మాటలు తెలుస్తున్నాయా?" అని అడిగాడు. తండ్రి బదులు చెప్పలేదు. మళ్లీ అడిగాడు. అప్పుడూ బదులు లేదు. పక్కన నిలబడి చూస్తున్న మేస్త్రి ముందుకు వచ్చి డ్రైవరు ముఖానికి ఎదురుగా నిలిచి, "అన్నా, అబ్బాయి అడుగుతున్నాడు" అన్నాడు. తండ్రి వెంటనే వెనుదిరిగి, "పాట మోతలో వినబళ్లేదురా" అన్నాడు. అప్పుడు అక్కడ మోత లేదు. ఆ సంగతి ముగ్గురికీ ఒకేసారి తెలిసింది.

రెండేళ్లుగా ఆ మాట ఆయనకు కవచంలా పనిచేసింది. వెనుక సీటు నుంచి ప్రయాణికుడు ఏదైనా చెప్పి, అది అందకపోతే, "పాట మోతలో వినబడలేదండీ" అని ఆయన చిరునవ్వుతో మళ్లీ చెప్పించుకొనేవాడు. పాట నిజంగానే మోతగా ఉండేది గనుక ఎవరూ అనుమానించలేదు. అద్దె బండి నడిపేవారికి ఇచ్చే వైద్య ధ్రువపత్రంలో వినికిడిని గురించిన ప్రశ్న కూడా ఉంటుంది. చెవి మందగించిందని నలుగురికీ తెలిస్తే చేతిలోని స్టీరింగు పోతుందన్నది ఆయన భయం. కొడుకు చదువు ముగియడానికి ఇంకా ఒక సంవత్సరం ఉంది. ఆయన మోత పెంచినది పాట వినడానికి మాత్రమే కాదు, తన చెవిలోని లోటును ఆ మోత వెనుక దాచడానికి. కొడుకు ప్రేమతో తెచ్చిన స్పష్టత ఆ చాటును తొలగించింది.

మరునాడు ఇద్దరూ చెవి, ముక్కు, గొంతు వైద్యుని వద్దకు వెళ్లారు. శబ్దం రాని గదిలో పరీక్ష జరిగింది. వైద్యుడు చూపిన పటంలో గీత ఎడమవైపు దాదాపు సమంగా సాగి, 2000 హెర్ట్జ్‌లు దాటగానే దిగుడుబావి మెట్లలా కిందికి జారింది. తక్కువ పౌనఃపున్యాలు బాగానే అందుతున్నాయి. ఎక్కువ పౌనఃపున్యాలు అందడం లేదు. వయస్సు, దానికి తోడు ఏళ్ల తరబడి విన్న వాహనాల రొద ఇందుకు కారణాలని వైద్యుడు చెప్పాడు. లోపలి చెవిలో పుట్టుకతో సుమారు 15 వేల సూక్ష్మమైన రోమకణాలు ఉంటాయి. శబ్దాన్ని నాడీ సంకేతంగా మార్చే పని వాటిది. అవి నశిస్తే మళ్లీ మొలవవు.

ఈ పటం భాష చదివేవారికి ఒక చక్కని సత్యాన్ని చెబుతుంది. మాటలోని అచ్చుల బలం ఎక్కువగా తక్కువ పౌనఃపున్యాలలో ఉంటుంది. క, చ, ట, త, ప అనే పరుషాలనూ, శ, ష, స అనే ఊష్మాలనూ ఒకదాని నుంచి మరొకదానిని వేరుచేసే గుర్తులు చాలావరకు ఎక్కువ పౌనఃపున్యాలలో ఉంటాయి. అచ్చు మాటకు ప్రాణం. అందుకే దానికి ప్రాణమని వ్యాకర్తలు పేరు పెట్టారు. కాని అర్థాన్ని విడదీసి చూపే పనిలో హల్లు వాటా పెద్దది. పాలు, కాలు, చాలు, తాలు అనే నాలుగు మాటలలో మారినది మొదటి హల్లు ఒక్కటే. ఆ హల్లు అందనివానికి నాలుగూ ఒకటే మాట. తెలుగు అజంతభాష కనుక ప్రతి మాట చివరా అచ్చు నిండుగా మోగుతుంది. అందువల్ల ఆ డ్రైవరుకు ఎదుటివారు మాట్లాడుతున్నారని తెలిసేది, ఏమి మాట్లాడుతున్నారో తెలిసేది కాదు. పద్యంలో రాగం అందేది. హల్లు మీద నిలిచే ప్రాస జారిపోయేది. 'స్టీరియో పాడైపోయింది' అని ఆయన అనుకోవడంలో వింత లేదు. లోటు తన వైపు ఉన్నదని చెవి తనంత తాను చెప్పదు.

మోత పెంచితే ఈ లోటు తీరకపోగా ఉన్నది కూడా పోతుంది. పెద్దవారు వారానికి 40 గంటలు వినడానికి 80 డెసిబెల్‌ల స్థాయి సురక్షితమైన హద్దు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆపైన ప్రతి 3 డెసిబెల్‌లకూ ఆ సమయం సగానికి తగ్గుతుంది. 90 డెసిబెల్‌ల దగ్గర వారానికి నాలుగు గంటలే మిగులుతాయి. అద్దాలు మూసిన కారులో 90 డెసిబెల్‌లు దాటడం పెద్ద యాంప్లిఫయరుకు కష్టమైన పని కాదు. మోతకు అలవాటు పడ్డ చెవి ఇంకా మోత కోరుతుంది. ఇరవై ఏళ్ల వయస్సులో పోగొట్టుకొన్నది అప్పటికప్పుడు తెలియదు. ఆ లెక్క తేలేసరికి వయస్సు మళ్లుతుంది.

వైద్యుడు ఆ డ్రైవరుకు రెండు చెవులకూ వినికిడి యంత్రాలు రాశాడు. రోడ్డు మీది హారను ఆయనకు అందుతున్నదనీ, యంత్రాలు పెట్టుకొంటే మాట కూడా అందుతుందనీ, ఏటా పరీక్ష చేయించుకొంటూ వృత్తి కొనసాగించవచ్చనీ ధైర్యం చెప్పాడు. వినికిడి యంత్రం కూడా ఒక యాంప్లిఫయరే. గింజంత మైకు, దాని వెనుక వర్ధకం, దాని ముందు చిన్న స్పీకరు. కాని అది అన్ని శబ్దాలనూ ఒకే తీరుగా పెంచదు. పటంలో గీత ఎక్కడ ఎంత జారిందో అక్కడ అంత మేరకే పెంచుతుంది. అప్పటికే పెద్దదిగా ఉన్న శబ్దాన్ని అదుపులో ఉంచుతుంది. ఆటోనగర్‌లో మేస్త్రి మల్టీమీటరు పెట్టి చేసిన పనినే వైద్యశాలలోని నిపుణురాలు కంప్యూటరు పెట్టి చేసింది. ఇద్దరూ అడిగిన ప్రశ్న ఒక్కటే. ఎంత పెంచాలన్నది కాదు, ఎక్కడ ఆపాలన్నది.

ఇంటికి వస్తూ తండ్రి చాలాసేపు మౌనంగా ఉన్నాడు. బెంజి సర్కిల్ దాటాక, "నలుగురూ ఏమంటారోరా" అన్నాడు. కొడుకు నవ్వి, "కళ్లజోడు పెట్టుకొన్నప్పుడు ఏమన్నారు నాన్నా?" అన్నాడు. ఆయన పదేళ్లుగా కళ్లజోడు పెట్టుకొనే బండి నడుపుతున్నాడు.

మోతను హద్దులో ఉంచడం ఒక్క ఇంటి వ్యవహారం కాదు. 2000 సంవత్సరంలో భారత ప్రభుత్వం తెచ్చిన శబ్దకాలుష్య నియంత్రణ నిబంధనలు నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లను హద్దుగా నిర్ణయించాయి. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ వంద మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించడానికి అవకాశం కల్పించాయి. అర్ధరాత్రి వీధిలో కిటికీలు అదిరేటట్లు పాట మోగించుకొంటూ పోయే కారులో పాట వినేవాడు ఒక్కడు. విననక్కరలేనివారు వందమంది. వారిలో తెల్లవారితే పరీక్ష రాయవలసిన విద్యార్థి ఉండవచ్చు, అప్పుడే కన్నంటుకొన్న రోగి ఉండవచ్చు. పరికరం కొన్నవాడికి శబ్దం మీద హక్కు ఉండవచ్చు గాని, ఎదుటివారి నిద్ర మీద లేదు.

మంచి యాంప్లిఫయరు అమర్చుకోవడం తప్పు కాదు. మంచి వీణ చేయించుకోవడం వంటిదే అది. తీగ, ఫ్యూజు, ఎర్తు సక్రమంగా ఉండి, గెయిన్ హద్దులో ఉంటే గాయకుని ఊపిరి సైతం మర్యాదగా చెవిని చేరుతుంది. నన్నయ కవితా లక్షణాలలో ఒకటిగా పేర్కొన్న అక్షరరమ్యత పుటలో ఎంత ఉందో వినికిడిలోనూ అంత ఉంది. అక్షరం అక్షరంగా అందినప్పుడే దాని రమ్యత తెలుస్తుంది.

ఆ డ్రైవరు ఇప్పటికీ విజయవాడ, హైదరాబాదుల మధ్య బండి నడుపుతున్నాడు. ఆయన స్టీరియో అంకె 12 దాటదు. ప్రయాణికులు ఆయన కొత్త అలవాటు ఒకటి గమనించారు. వెనుక సీటులో ఎవరైనా గొంతు సవరించుకొంటే చాలు, వారు నోరు విప్పకముందే ఆయన చేయి మర మీదికి పోయి పద్యాన్ని తగ్గిస్తుంది. "చెప్పండి బాబూ" అని ఆయన అద్దంలోకి చూస్తాడు.